మాట పూర్తికాక ముందే

దొంగ కత్తి ఇక్కడే ఉంది. బల్ల మీద, దాని గీతలోపల, బుద్ధిగా పడుకుని ఉంది. పక్క గీత ఖాళీ. ఒకసారి చూశాను, కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను, నమ్మలేక ఖాళీ గీతలో అరచెయ్యి పెట్టి తడిమాను, బల్ల చల్లగా తగిలింది. ఇరవై రెండేళ్ళుగా ఈ నాటక బృందానికి సామాన్ల మనిషిని నేను. కుర్చీ దగ్గర్నుంచి కళ్ళజోడు దాకా వేదిక మీదికి ఏది వెళ్ళినా నా చేతి మీదుగా వెళ్ళాలి, మళ్ళీ నా చేతికే రావాలి. ప్రతి వస్తువు చుట్టూ సుద్దముక్కతో గీత గీసి పెడతాను, ఏ గీత ఖాళీగా ఉంటే ఆ వస్తువు వేదిక మీద ఉన్నట్టు. ఇన్నేళ్ళలో ఈ పద్ధతి ఒక్కసారి అబద్ధం చెప్పలేదు, ఇవాళా చెప్పడం లేదు, అదే కదా నా ప్రాణం మీదికి వచ్చింది. అసలు కత్తి మా తమ్ముడి నడుముకి ఉంది. ఇంకో ముప్పావు గంటలో వాడు దాన్ని దూసి మావారి గుండెల్లో దింపాలి. నాటకంలో.

రెండు కత్తులూ చూడ్డానికి ఒకటే, ఒకే మనిషి చేత పక్కపక్కన పెట్టి చేయించాం. మొదటి రంగంలో వాడు ఇంత లావు తాడుని జనం కళ్ళముందు ఒక్క వేటుకి కోస్తాడు. అది నిజంగా తెగాలి, పైనున్న మూట ధబ్బున పడాలి, అప్పుడే ఆ కత్తి ఎంత పదునైనదో జనానికి మనసులో ఉండిపోతుంది. ఆ రంగం కాగానే లోపలికొచ్చి అసలుది నా చేతిలో పెట్టాలి, నేను దొంగది వాడి చేతిలో పెట్టాలి, దాని కొన దేనికైనా ఆనితే చాలు, పిడిలోకి దూరిపోతుంది. ఎవరంతట వాళ్ళు బల్ల మీద చెయ్యి వెయ్యకూడదు. ఈ నియమం పెట్టింది నేనే, ఇవాళ తప్పింది నేనే. మావారికి పొద్దుట్నుంచి గొంతు బొంగురుపోయింది, రెండో రంగానికి ముందు నాలుగు గుక్కలు వేణ్ణీళ్ళు తాగించొద్దామని గ్లాసు పట్టుకుని వేదిక పక్కన ఉండే అవతలి వింగుకి వెళ్ళాను. రెండంటే రెండు నిమిషాలు. తమ్ముడొచ్చాడు, నేను లేను. ఇంకొకరైతే ఆగేవాళ్ళు. వీడా! వీడికి ఆగడమే వస్తే మా ఇంటి సంగతే వేరుగా ఉండేది. చొక్కా మార్చుకుని, అదే కత్తితో వేదిక ఎక్కేశాడు. నేను తిరిగొచ్చేసరికి తెర లేచింది, వాళ్ళిద్దరూ దీపాల వెలుతుర్లో ఉన్నారు, నేను చీకట్లో ఉన్నాను.

ఇక చివరిదాకా ఇద్దరూ బయటికి రారు. ఒకే గది, ఒకే రంగం. మావారు కాళ్ళు పడిపోయిన అన్న వేషం, కుర్చీలోంచి లేచేది లేదు, పైగా ఆ కుర్చీ నా వైపు వీపు పెట్టి ఉంది. మా తమ్ముడు జైలు నుంచి ఇంటికొచ్చిన తమ్ముడి వేషం. తనని పట్టించిన ఉత్తరం అన్నే రాశాడని ఎవడో చెబితే నమ్మి వచ్చాడు. మాట్లాడీ మాట్లాడీ చివరికి అన్న తడబడే నాలుకతో ఒక్కో మాటా కూడగట్టుకుంటూ, “తమ్ముడూ, ఆ ఉత్తరం రాసింది...” అని ఊపిరి కోసం ఆగుతాడు. అంతే, వీడు పొడిచేస్తాడు. ఆ తర్వాత వదిన వచ్చి పెట్టె తెరుస్తుంది. రాసింది మేనమామ. అన్న రాసినవన్నీ వీణ్ణి వదిలెయ్యండి బాబూ అని బతిమాలుకున్న ఉత్తరాలు. నాటకమంతా ఆ ఒక్క గుక్క ఊపిరిలో ఉంది. వీడు ఆ గుక్క తీసుకోనిస్తే నాటకమే లేదు, అందరూ కూర్చుని భోంచేసి పడుకుంటారు. ఆ చోటు వచ్చినప్పుడల్లా జనంలోంచి ఎవరో ఒకరు, “ఆగరా, ఆయన్ని చెప్పనీరా!” అని అరుస్తారు. ఆ అరుపు విన్న రోజు మావారికి అన్నం సయిస్తుంది.

రాసింది మావారే. దర్శకత్వమూ ఆయనదే. కాగితాలు చదివిన రోజే అడిగాను, ఇది మావాడే కదండీ అని. “మీవాడు కాక మరెవరే? ఊహించి రాసే ఓపిక నాకెక్కడిది?” అని నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో! తమ్ముడు మాత్రం, బావ నాకోసం ఎంత పెద్ద వేషం రాశాడే అక్కా అని పదిమందికీ చెప్పుకుని మురిసిపోయాడు. బృందంలో అందరూ వాణ్ణి అగ్గిపుల్ల అంటారు, వాడికీ ఆ పేరంటే ఇష్టమే. తొమ్మిది రోజుల క్రితం దాకా ఇష్టమే. ఆ రోజు రిహార్సల్లో ఆ ఊపిరి దగ్గర మరీ ముందే పొడిచేస్తున్నాడని మావారు ఏడుసార్లు ఆపారు. ఎనిమిదోసారి విసుగొచ్చి, అందరి ముందూ, “నువ్వు నటించక్కర్లేదురా నాయనా, నీలా నువ్వుండు చాలు. నిన్ను చూసేగా రాసింది,” అన్నారు. అందరూ గొల్లుమన్నారు. వాడి మొహం చూశాను నేను. ముందు అర్థం కాలేదు వాడికి, తర్వాత అయింది. కుర్చీ ఎత్తి గోడకేసి కొట్టాడు. “ఏదో ఒకరోజు నిజంగానే పొడిచేస్తాను బావా, అప్పుడు రాసుకో ఇంకోటి!” అన్నాడు. దానికీ నవ్వారు జనం. నేనూ నవ్వబోయాను, నవ్వు రాలేదు. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరి మధ్యా వేదిక మీద మాటలే తప్ప వేరే మాటల్లేవు.

కత్తి పొరపాటున ఉండిపోయింది. పొరపాటే. నా కోసం ఆగలేదు, మర్చిపోయాడు, అంతే. ఆ మాట అనుకుంటున్నాను గానీ, నాకే నమ్మకం కుదరడం లేదు. ఎందుకంటే ఇవాళ పొద్దున వాడి చొక్కాకి గుండీ కుడుతూ నేనే నోరు జారాను. వచ్చే నాటకంలో నీకు వేషం లేదురా, బావ వేరేవాళ్ళని అనుకుంటున్నారు, కాస్త ఆయనతో మాట్లాడి కాళ్ళావేళ్ళా పడు అని. మంచికే చెప్పాను. నా మంచి ఎప్పుడూ ఇంతే, చల్లార్చబోయి గాలి విసురుతాను. వాడు కేకలేస్తాడనుకున్నాను, సూది ఆపి చెవులు మూసుకోవడానికి సిద్ధంగా కూడా ఉన్నాను. వాడేమో “అలాగా,” అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు దేనికీ అలాగా అని ఊరుకున్నవాడు కాదు. అప్పుడే నాకు గుండె ఝల్లుమని ఉండాలి, గుండీ కుట్టడంలో పడ్డాను.

వేదిక మీద వాడిప్పుడు గదంతా కలయతిరుగుతున్నాడు, పాత వస్తువులు ఒక్కొక్కటీ ముట్టుకుంటున్నాడు. నడిచినప్పుడల్లా ఒర చొక్కా కిందనుంచి కనబడుతోంది. ఇటు చూడరా. ఒక్కసారి ఇటు చూడు. చూడడు. వింగు వైపు చూసేవాడు నటుడే కాదని వాడికి నేర్పించింది మావారే. చెయ్యి ఊపాను, చీర కొంగు ఊపాను, దొంగ కత్తి ఎత్తి చూపించాను. చీకట్లో పిచ్చిదానిలా నిలబడి ఊపుతున్నాను. వాడికి ఆరేళ్ళప్పుడు, అమ్మ పోయిన ఏడాది, నేను తాళంచెవి కోసం సంచి వెతుకుతుంటే ఆ మాత్రం ఆగలేక కిటికీ అద్దాన్ని పిడికిలితో గుద్దేశాడు. చేతి నిండా నెత్తురు. అంత నెత్తుట్లోనూ, “తలుపు తెరుచుకుందక్కా!” అని నవ్వాడు. తలుపు తెరుచుకోలేదు, అద్దం పగిలింది. నాన్న అడిగితే గాలికి పగిలిందని చెప్పాను. ఆ తర్వాత ఎన్ని గాలులు వీచాయో మా ఇంట్లో! ఉద్యోగంలో పైవాడు ఏదో అనబోతే చివరిదాకా వినకుండా తాళాల గుత్తి ఆయన మొహాన కొట్టి వచ్చేశాడు, అసలు ఆయన చెప్పబోయింది వీడికి పెద్ద ఉద్యోగం ఇస్తున్నామని. చేసుకోబోయే పిల్ల ఫోన్లో ఎవరితోనో, “నాకిష్టం లేదు,” అంటుంటే విని, దేని గురించో అడక్కుండా సంబంధం వద్దని కబురు పంపాడు. ఆ పిల్ల మాట్లాడింది పరదాల రంగు గురించి. ప్రతిసారీ వెనకాల చీపురు పట్టుకుని నేను. గాలికి పగిలిందండీ, గాలికి.

అలాగని చెడ్డవాడా? కాలవలో కుక్కపిల్ల కొట్టుకుపోతోందని ఈత రాకుండా దూకినవాడు వాడు. వాడి వెనకే చొక్కా కూడా విప్పకుండా దూకింది ఈయన. ఒకర్నొకరు లాక్కుంటూ బురదతో గట్టెక్కి, కుక్కపిల్ల ఏదని ఇద్దరూ నన్నే కసురుకున్నారు. అది అప్పటికే తనంతట తను ఒడ్డెక్కి నా కాళ్ళ దగ్గర దులుపుకుంటోంది. ఆ ఇద్దరే వీళ్ళు. వీడు ఆయన్ని పొడుస్తాడా? ఛ, ఏం మనిషిని నేను! కానీ వీడు పొడిచాక కదా ఆలోచిస్తాడు. ఎప్పుడూ అంతే కదా. అనుకుని చెయ్యడు, చేసి అనుకుంటాడు. కోపంలో ఒక్క క్షణం చాలు, ఆ క్షణం ఎలాగూ నాటకంలోనే ఉంది, కత్తి ఎలాగూ చేతిలోనే ఉంది, మాటలు ఎలాగూ రాసిపెట్టే ఉన్నాయి, చెయ్యమని రెండొందల మంది ఎదురుగా కూర్చునే ఉన్నారు. నిజంగా చంపాలనుకున్నవాడికి ఇంతకంటే ఏం కావాలి?

తెర తాత దగ్గరికి వెళ్ళాను. మా ఇద్దరి పెళ్ళికి ముందు నుంచీ తెర లాగేది ఆయనే, సగం చెవుడు. చెవిలో నోరు పెట్టి, “తాతా, తెర దించెయ్,” అన్నాను.

“ఇంకా చావలేదు కదమ్మా,” అన్నాడు.

“చావకూడదనే దించమంటున్నాను!”

“మీ ఆయన సైగ చెయ్యందే నేను తాడు ముట్టుకోను తల్లీ. చచ్చినా తెర దించొద్దన్నాడు. ఆ మాటే అన్నాడు, చచ్చినా అని.” తాడు మీద రెండు చేతులూ వేసి, నేనేదో లాక్కుపోతానన్నట్టు పట్టుకున్నాడు. చెప్పాలి ఆయనకి, కత్తి మారిందని అరిచి చెప్పాలి. చెబితే రేపు బృందమంతా అంటుంది, సామాన్లావిడ బల్ల వదిలి వెళ్ళిందని. ఇంకా ఏమంటారు, అగ్గిపుల్ల అన్నంత పనీ చేయబోయాడని. పొరపాటని నేనొక్కదాన్నే అంటాను, తొమ్మిది రోజుల కిందటి మాట అందరికీ గుర్తొస్తుంది. మొగుడి ప్రాణం ఒక పక్క, తమ్ముడి పరువు ఒక పక్క, మధ్యలో నిలబడి నేను తూకం వేస్తున్నాను, నా బతుకు తగలెయ్య! ప్రాణంతో పరువు తూచేదాన్ని అక్కనా, పెళ్ళాన్నా, ఏమిటి నేను?

అప్పుడు టీచరమ్మ కనిపించింది. బళ్ళో లెక్కలు చెబుతుంది, సెలవుల్లో మాతో నాటకాలాడుతుంది, ఇందులో పనిమనిషి వేషం. ఇప్పుడు పళ్ళెంలో మంచినీళ్ళు పట్టుకుని వేదిక మీదికి వెళ్ళాలి. దేవత వచ్చినట్టు వచ్చింది. పళ్ళెంలో గ్లాసు పక్కన దొంగ కత్తి పెట్టి దాని మీద గుడ్డ కప్పాను. “వాడి దగ్గరున్నది అసలుదమ్మా. నీళ్ళిచ్చేటప్పుడు చెవిలో చెప్పండి, మార్చుకోమనండి,” అన్నాను. ఆవిడ రెండుసార్లు చెప్పించుకుంది, తలూపింది, వెళ్ళింది. నేను పక్కతెర అంచు పళ్ళతో కొరుకుతూ చూస్తున్నాను. పళ్ళెం పట్టుకుని వంగింది. పెదవులు కదిలాయి. వాడు గ్లాసు తీసుకున్నాడు. తాగాడు. గ్లాసు పెట్టేశాడు. గుడ్డ ముట్టుకోలేదు. ఆవిడ ఇంకో క్షణం నిలబడింది, వాడు వీపు తిప్పేసి కుర్చీ వెనగ్గా నడిచి అవతలికి పోయాడు. పళ్ళెం పట్టుకుని ఎలా వెళ్ళిందో అలా వచ్చింది.

“చెప్పారా?”

“చెప్పానమ్మా. అక్షరం పొల్లుపోకుండా.”

“ఏమన్నాడు?”

“ఏమీ అనలేదు.” ఆవిడ గొంతు కూడా తగ్గింది. “నవ్వాడు.”

నవ్వాడు. పొరపాటు అన్న మాట అక్కడితో అయిపోయింది. తెలుసు వాడికి. తెలిసి ఉంచుకున్నాడు. బల్ల పట్టుకుంటే బల్ల మీద గాజుసీసా చిన్నగా మోగుతోంది. నిలబడి మోగిస్తున్నాను దాన్ని. పొద్దున అలాగా అన్నాడు, ఇప్పుడు నవ్వాడు. నేను పెంచిన పిల్లాడు. ముద్దలు కలిపి పెట్టి, మందులు మింగించి, వాడి ప్రతి తప్పుకీ నా ఒళ్ళో చోటిచ్చి, ఏది విరగ్గొట్టినా అక్క అతికిస్తుందని నేర్పించి నేనే తయారుచేశాను వీణ్ణి. మావారు రాశారంటారు గానీ, ఈ వేషం రాసింది నేను. ఏమండీ, వెనక్కి తిరగండి. ఒక్కసారి వెనక్కి తిరిగి నన్ను చూడండి. కుర్చీ వెనక నుంచి ఆయన పల్చబడ్డ జుట్టు, మెడ మీద రంగు అంటని చోటు కనిపిస్తున్నాయి. పొద్దున ఆ మెడకే నొప్పిగా ఉందంటే మందు రాశాను. ఆ బొంగురు గొంతుతో ఇవాళ ఎంత బాగా చెబుతున్నారో, నిజంగా నాలుక పడిపోయినవాడిలా ఉన్నారు. జనం ఊపిరి బిగబట్టి వింటున్నారు. నాకు ఒక్క మాటా వినబడడం లేదు, ఎన్ని మాటలు మిగిలాయో మాత్రం తెలుస్తోంది. పెట్టె గురించి ఇంకో నాలుగు మాటలు. అమ్మ గురించి రెండు. తర్వాత తమ్ముడూ అంటారు.

తమ్ముడు కుర్చీకి దగ్గరగా వచ్చాడు. ఎడం చెయ్యి ఆయన భుజం మీద వేశాడు. రిహార్సల్లో భుజం మీద చెయ్యి లేదు. ఎందుకు వేశాడు? కదలకుండా పట్టుకోవడానికా? కుడి చెయ్యి నడుము దగ్గరికి పోయింది. పిడికిలి కనిపించింది, ఇనుము మెరిసింది. “తమ్ముడూ,” అన్నారు మావారు. “ఆ ఉత్తరం,” అన్నారు. “రాసింది...” అన్నారు. ఊపిరి తీసుకున్నారు. వాడు పొడవలేదు. చెయ్యి పైకెత్తి అలాగే నిలబడ్డాడు. ఎప్పుడూ నిలబడనివాడు, ఎనిమిదిసార్లు చెప్పినా ఒక్కసారి నిలబడనివాడు, ఇవాళ నిలబడి ఆయన కళ్ళలోకి చూస్తున్నాడు. గురి చూస్తున్నాడు, అనుకున్నాను. ఇంకేమీ అనుకోలేదు. నా కాళ్ళు నన్నడగలేదు. పక్కతెర తోసుకుని దీపాల్లోకి పరిగెత్తాను, పాత చీరతో, నడుముకి సుద్దముక్కల సంచితో, రెండొందల మంది ముందు రెండు చేతులూ చాచి గుండెలు పగిలేలా అరిచాను. “ఒరేయ్ వద్దురా! మీ బావరా! చంపకురా ఆయన్ని!”

వాడు అదిరిపడి ఇటు తిరిగాడు. ఎత్తిన చెయ్యి దిగింది. కత్తి చప్పుడు చేస్తూ చెక్కల మీద పడింది. అప్పుడు జనం చప్పట్లు కొట్టారు. నా మాటలు సరిగా విన్నారో లేదో, నాటకంలో అక్క కూడా ఉందనుకున్నారు, బాగుందనుకున్నారు, వెనక వరసల వాళ్ళు లేచి నిలబడి మరీ కొట్టారు. ఎవరి సైగా లేకుండానే తాత తెర దించేశాడు.

మావారు కుర్చీలోంచి లేచారు. బతికున్నారు. ఆయన చెయ్యి పట్టుకుని తడిమాను, గుండెల మీద తడిమాను, చొక్కా గుండీలు తడిమాను. “ఏమైందే నీకు?” అన్నారు. “వాడు తిప్పి పట్టుకున్నాడు కదే! అలుగు ముంజేతికి ఆనించి, కొన చొక్కా చేతిలోకి పెట్టి పట్టుకున్నాడు. పిడితోనే కొట్టేవాడు. నీళ్ళు తాగాక నా వెనగ్గా వచ్చి చెప్పాడు, బావా, అసలుది ఉండిపోయింది, భయపడకు, భుజం మీద చెయ్యేసి నెమ్మదిగా చేస్తాను, అని. పళ్ళెంలో మారిస్తే ముందు వరసకి కనపడి నాటకం చెడుతుందని మార్చలేదట. తొమ్మిది రోజుల తర్వాత వాడు నాతో మాట్లాడిన మొదటి మాట అది.” నా భుజం పట్టుకుని ఊపారు. “ఇవాళ ఆగాడే వాడు. ఆ ఊపిరి దగ్గర ఎంత బాగా ఆగాడో చూశావా?”

తమ్ముడు అక్కడే ఉన్నాడు. నేను అరిచినప్పుడు అదిరిన చేతికి అదే కత్తి గీసుకుంది, మోచేతి దాకా సన్నగా నెత్తురు కారుతోంది, వాడు దాని వంక చూడ్డం లేదు. నా వంక చూస్తున్నాడు. నేను కొంగు చింపబోయాను, వెనక్కి జరిగాడు.

“నేను నిజంగానే చంపేస్తాననుకున్నావా అక్కా?”

“అది కాదురా,” అన్నారు మావారు గబగబా. “కత్తి సంగతి నీకు తెలీదేమోనని, కంగారులో...”

“నువ్వుండు బావా. అక్కని చెప్పనీ.”

ఎవరి మాటా సగానికి మించి విననివాడు జవాబు కోసం నిలబడ్డాడు. తెలీదేమోనని భయపడ్డాన్రా అంటే సరిపోయేది. టీచరమ్మ పళ్ళెం పట్టుకుని పక్కనే ఉంది, కత్తి సంగతి వాడికి తెలుసని నాకు తెలుసని ఆవిడకి తెలుసు, అయినా ఆవిడ నోరు విప్పదు, మంచి మనిషి. వాడు నమ్మడానికి సిద్ధంగానే ఉన్నాడు, ఆ కళ్ళు చూస్తే తెలుస్తోంది, ఒక్క మాట చాలు. గాలికి పగిలిందని నాన్నకి చెప్పినంత తేలిక. ఎన్నిసార్లు చెప్పలేదు! కానీ వాడి కోసం లోకంతో చెప్పాను గానీ, వాడితో ఎప్పుడూ చెప్పలేదు.

“అనుకున్నాన్రా,” అన్నాను.

వాడు కుర్చీ ఎత్తి కొట్టలేదు. కేక వెయ్యలేదు. తల ఊపాడు, చొక్కా చెయ్యి కిందికి లాక్కుని నెత్తురు కప్పుకున్నాడు, వెనక వైపు మెట్ల దగ్గరికి వెళ్ళాడు. ఎనిమిది మెట్లు. ఎప్పుడూ మూడు దూకుళ్ళలో దిగేవాడు. ఒక్కో మెట్టూ చూసుకుని, కాలు ఆనించి, ఆగి, ఇంకో మెట్టు దిగుతున్నాడు. తమ్ముడూ అని పిలిచాను. వెనక్కి తిరిగి, మర్యాదగా, నేను చెప్పేది ఏమైనా ఉందేమోనని ఆగాడు. లేదని తెలిశాక మళ్ళీ దిగాడు. తలుపు చప్పుడు కాకుండా వేసుకుని వెళ్ళాడు. ఈ ముప్పావు గంటా పడ్డది భయం కాదని, వాడి ఆ నెమ్మది చూసి పడ్డదే భయమని అప్పుడు తెలిసింది నాకు.